ళ చాలని రాత్రి

చూళైలో మా అద్దె వాటా,
బేసిన్ బ్రిడ్జి వైపు రైలు పోతే
గ్లాసుల్లో నీళ్ళు వణికే ఇల్లు.
బుధవారం రాత్రి తొమ్మిదింటికి
నాయన రేడియో మీది తువ్వాలు తీసి
మడిచి ఒళ్ళో పెట్టుకునేవాడు.
"నీడల సంత, రెండో భాగం" అనేదొక ఆడగొంతు.
అంతే, కుళాయి కాడ బిందెల కొట్లాట కూడా
ఆ సంత బేరాల్లో కలిసిపోయేది.

ఆ నవల నాయన చేతులకు తెలుసు.
వేపేరి ప్రెస్సులో చెంగల్రాయుడంటే
చెయ్యి తిరిగిన కంపోజిటరు.
అయితే బేసి ఫారాలే ఆయనవి.
సరి ఫారాలు ఎదుటి కేసు కాడ దస్తగిరివి.
పదహారు పేజీలు ఈయనకు, పదహారు ఆయనకు.
అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు
కథకు గట్టు వేసి కోసుకున్నారు.

మూడో ఫారం చివర వకుళ బావిలో దూకింది,
తమ్ముడి నీడను వెతుక్కుంటూ.
ఐదో ఫారం మొదట
గద్ద వీపు మీద కూర్చుని జామకాయ తింటోంది.
నడుమ ఏమైందో
పదకొండేళ్ళు నాయనకు తెలీదు.

"దస్తగిరి మామను అడగొచ్చు గదా?"
"అడిగినా. వాడు చదవడు, పేరుస్తాడంతే."
"పుస్తకం కొనొచ్చు గదా?"
నాయన నవ్వేవాడు.
పొద్దంతా సీసపు అక్షరాల్ని తలకిందులుగా చూసినోడికి
ఇంటికొచ్చి అక్షరం తిన్నగా కనిపిస్తే
కళ్ళు తిరుగుతాయంట.

అందుకని నాలుగో ఫారం చెవులతో చదివాడు.
ఆ రాత్రి దీపం తీసేయమన్నాడు.
వకుళ గొంతు గుండ్రమైంది,
మాట మాట మీద పడి నాచులా జారింది.
"కాగులో తలపెట్టి మాట్లాడతా ఉంది,
మన అన్నం కాగంత ఉంటుంది" అంది అమ్మ.
నాయన "ఉష్" అన్నాడు.
పెళ్ళయ్యాక అమ్మను ఆయన అంత మాట అనడం
అదే మొదలు.
తర్వాత గద్ద దిగింది. రెక్కల చప్పుడుకు
నేను నిజంగానే తలొంచాను.
పక్కవాటా కన్నియమ్మాళ్‌కు తెలుగు రాదు,
గడప మీద కూర్చుని మురుకుల పిండి పిసుకుతూ
గద్ద ఏడిస్తే "అయ్యో పావం" అనేది.
గద్దకు మాత్రం ఏ భాష వచ్చు?

"ఓహో, గద్దే తీసిందా పైకి!"
చీకట్లో నాయన తొడ చరుచుకున్న చప్పుడు.
పదకొండేళ్ళ గట్టు తెగింది.

ఏడో ఫారం వచ్చిన బుధవారం
పొద్దుట్నుంచీ ఆయనకు హడావుడి.
"ఇదిగో, ఇప్పుడు ఏడుస్తాది చూడు" అన్నాడు.
వకుళ ఏడ్చింది.
కళ్ళు, కన్నీళ్ళు, నీళ్ళు తాగని గుర్రాళ్ళు,
సంకెళ్ళు, ఆనవాళ్ళు...
"ఆ పేజీలో ళ అయిపోయింది మాకు!
పక్క ప్రెస్సోణ్ణి బతిమాలి
పొడుం డబ్బాలో పోయించుకొచ్చినా."
నటి వెక్కిళ్ళు పెడుతోంది,
నాయన వేళ్ళు మడిచి ళ లు లెక్కపెడుతున్నాడు.
అమ్మ ముక్కు చీదుకుంది.
ఎవరి దుఃఖం వాళ్ళది.

ఆఖరి భాగం రోజు వాన.
రేడియోలో సగం ఉరుములు వాళ్ళవి, సగం మావి.
వకుళ సంత దాటింది. తమ్ముడు దొరికాడు,
పాదాల కింద నల్లగా నీడ కుట్టించుకుని
అక్కతో బాటే ఇంటికొచ్చాడు. సంగీతం.

నాయన లేచి నిలబడ్డాడు.
"కాదు. ఆఖరి ఫారం నాది.
ఒక్కతే వస్తాది. చెప్పు విప్పి గుమ్మంలో పెడతాది.
కింద అరపేజీ ఖాళీ,
నేనే చిన్న పువ్వు దిమ్మె వేసినా."

కన్నియమ్మాళ్ ఏమైందని అడిగింది.
అమ్మ అరవంలో "పిల్లోడు దొరికాడు" అంది.
ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది,
పిండి చేతులతోనే.

నాయన ఆమెను చూశాడు చాలాసేపు.
"ఇదీ బాగానే ఉందిలే" అని
తువ్వాలు కప్పబోయి ఆగాడు.
ఎడమ చెయ్యి లేని స్టిక్కు పట్టుకుంది,
కుడి చెయ్యి గాల్లో ఒక్కో గడిలోకి పోయి వస్తోంది:
త, మ్మ, డు